కీర్తి వచ్చిన తరువాత

ఉద్దేశం

ఒక గ్రంథం విజయం సాధించిన పిదప రచయిత జీవితంలో కలిగే మార్పులను పరిశీలించడం, గ్రంథస్వామ్య హక్కు విలువను గ్రహించడం, రచనను వృత్తిగా స్వీకరించినవారి శ్రమను అర్థం చేసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

రచయితలు పేరు పొందకముందు పడిన ఇక్కట్లను సాహిత్య చరిత్రలు విస్తారంగా వర్ణిస్తాయి. పేరు వచ్చిన తరువాతి జీవితాన్ని గురించి అంతగా చెప్పవు. పుస్తకం అమ్ముడుపోతే కష్టాలన్నీ గట్టెక్కినట్లేనని లోకం తలపోస్తుంది. అప్పులు తీరే మాట నిజమే. కాని అంతవరకు లేని కొత్త బాధ్యతలు అప్పుడే మొదలవుతాయి. పాఠకుల కోరికలు, ప్రచురణకర్తల తొందర, ఆత్మీయుల అవసరాలు అన్నీ రచయిత కలంమీదనే ఆధారపడతాయి. పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ జీవితం ఇందుకు చక్కని నిదర్శనం.

లూయిసా 1832 నవంబరు 29న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని జర్మన్‌టౌన్‌లో జన్మించింది. తండ్రి బ్రాన్సన్ ఆల్కాట్ తత్త్వవేత్త, విద్యాసంస్కర్త. ఎమర్సన్, థోరో వంటి మహనీయులు ఆయనకు మిత్రులు. ఆయన ఆదర్శాలు ఉన్నతమైనవి. ఆదాయం మాత్రం స్వల్పం. 1843లో ఆయన మిత్రునితో కలిసి 'ఫ్రూట్‌లాండ్స్' అనే ఆదర్శ సమాజాన్ని స్థాపించాడు. అది ఏడాదైనా నిలువలేదు. సంసార భారమంతా తల్లి అబిగెయిల్ మోసింది. నలుగురు ఆడపిల్లలలో రెండవదైన లూయిసా చిన్ననాటనే ఆ భారాన్ని పంచుకొన్నది. బట్టలు కుట్టింది, పిల్లలకు చదువు చెప్పింది, పరుల ఇంట పనిచేసింది. దొరికిన తీరికలో కథలు రాసి పత్రికలకు అమ్మింది. ఆమెకు రచన విలాసం కాదు, జీవనోపాధి.

అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1862 డిసెంబరులో, ఆమె వాషింగ్టన్ సమీపాన జార్జ్‌టౌన్‌లోని సైనిక వైద్యశాలలో నర్సుగా చేరింది. కొద్ది వారాలకే టైఫాయిడ్ జ్వరం సోకింది. ఆనాటి పద్ధతి ననుసరించి వైద్యులు పాదరసం కలిసిన కాలోమెల్ అనే మందు ఇచ్చారు. ప్రాణం దక్కింది కాని పూర్వపు ఆరోగ్యం మరల రాలేదు. ఆ అనుభవాలతో 1863లో వెలువడిన 'హాస్పిటల్ స్కెచెస్' ఆమెకు కొంత గుర్తింపు తెచ్చింది. అదే కాలంలో ఆమె ఎ. ఎం. బార్నార్డ్ అనే మారుపేరుతో ఉత్కంఠభరితమైన కథలు రాసి ఇల్లు గడిపింది. ఆ మారుపేరు వెనుక ఉన్నది ఆమేనని పరిశోధకులు 1940లలో గాని కనుగొనలేకపోయారు.

1867లో బోస్టన్ నగరంలోని రాబర్ట్స్ బ్రదర్స్ ప్రచురణ సంస్థకు చెందిన థామస్ నైల్స్ ఆమెను బాలికల కోసం ఒక పుస్తకం రాయవలసిందిగా కోరాడు. ఆమెకు ఆ పని రుచించలేదు. తన అక్కచెల్లెళ్లు తప్ప తనకు ఆడపిల్లల సంగతులు తెలియవని ఆమె భావన. చివరకు తెలిసిన ఆ జీవితాన్నే కథావస్తువుగా స్వీకరించి 1868 మే నెలలో రచన ఆరంభించింది. మొదటి పన్నెండు అధ్యాయాలు చదివి నైల్స్ పెదవి విరిచాడు. ఆమెకు కూడ అవి చప్పగానే తోచాయి. అయితే వాటిని చదివిన బాలికలు ఎంతో ఆనందించారు. దానితో నైల్స్ అభిప్రాయం మారింది.

ఈ సందర్భంలో జరిగిన ఒక నిర్ణయం ఆమె జీవితాన్నే మలుపు తిప్పింది. ఆ రోజుల్లో రచయితకు రెండు మార్గాలు ఉండేవి. ఒకేసారి కొంత సొమ్ము పుచ్చుకొని సర్వహక్కులూ ప్రచురణకర్తకు అప్పగించడం మొదటిది. హక్కులు తనవద్దనే ఉంచుకొని, అమ్ముడైన ప్రతి పుస్తకంపై కొంత శాతం రాయల్టీగా పొందడం రెండవది. నిత్యావసరాలకు డబ్బు కావలసినవారికి మొదటి మార్గం ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కాని పుస్తకం విజయవంతమైతే అటువంటి రచయితకు మిగిలేది పేరు మాత్రమే. హక్కులు వదులుకోవద్దని స్వయంగా నైల్సే ఆమెకు సలహా ఇచ్చాడు. తనకు లాభం తగ్గే సలహా ఇచ్చిన ఆ ప్రచురణకర్త నిజాయితీని ఆమె అనంతర కాలంలో కృతజ్ఞతతో స్మరించుకొన్నది.

1868లో 'లిటిల్ విమెన్' మొదటి భాగం వెలువడింది. మెగ్, జో, బెత్, ఏమీ అనే నలుగురు అక్కచెల్లెళ్ల కథ అది. ప్రతులు త్వరత్వరగా అమ్ముడుపోయాయి. నైల్స్ వెంటనే రెండవ భాగం అడిగాడు. నవంబరు 1న కూర్చున్న ఆమె రోజుకొక అధ్యాయం చొప్పున రాయసాగింది. ఇంతలో బాలికల నుండి ఉత్తరాలు రాసాగాయి. కథానాయిక జో, పొరుగింటి లారీని పెండ్లాడుతుందా అన్నదే అందరి ప్రశ్న. జో తనవలెనే అవివాహితగా మిగిలి రచయిత్రిగా జీవించాలని ఆల్కాట్ ఉద్దేశం. పాఠకులను కాదనలేక జోకు పెండ్లి చేసింది. వారు కోరిన వరునికి మాత్రం ఇవ్వలేదు. లారీకి బదులు వయసు మళ్లిన ఒక జర్మన్ ఆచార్యుని వరునిగా కల్పించింది. 1869లో రెండవ భాగం వచ్చింది. విజయం పొందిన రచయితకు తన పాత్రలపై సర్వాధికారం ఉండదని ఈ సంఘటన తెలుపుతుంది.

వచ్చిన ధనంతో ఆమె చేసిన మొదటి పని కుటుంబపు పాత బాకీలన్నింటినీ తీర్చడం. తల్లికి ముదిమిలో సుఖం కల్పించింది. చిత్రకళను అభ్యసిస్తున్న చెల్లెలు మే ఐరోపాకు వెళ్లడానికి తోడ్పడింది. 1877లో అక్క ఆనా కోసం కాంకర్డ్ పట్టణంలో ఇల్లు కొనడానికి సహాయపడింది. సంపాదించినదంతా తనవారి కోసమే వెచ్చించింది.

కీర్తితోపాటు ఏకాంతం కూడ దూరమైంది. 'జో'ను కన్నులారా చూడాలని అపరిచితులు ఇంటికి రాసాగారు. సంతకాలు అడిగేవారు, విలేకరులు, సలహాలు కోరేవారు వేళాపాళా లేక తలుపు తట్టేవారు. వారి కంట పడకుండ తప్పించుకొనడం ఆమెకు పరిపాటి అయింది. ఈ అవస్థను ఆమె 'జోస్ బాయ్స్' నవలలోని ఒక అధ్యాయంలో హాస్యభరితంగా చిత్రించింది. నవ్వు పుట్టించే ఆ ఘట్టం మాటున అలసిపోయిన రచయిత్రి కనిపిస్తుంది.

1870లో ఆమె చెల్లెలితో కలిసి విశ్రాంతి కోసం ఐరోపాకు వెళ్లింది. రోమ్ నగరంలో ఉండగా అక్క భర్త జాన్ ప్రాట్ మరణవార్త తెలిసింది. ఇద్దరు కుమారులతో అక్క నిరాధార అయింది. ఆల్కాట్ దుఃఖాన్ని దిగమింగుకొని వారి పోషణ కోసం అక్కడే 'లిటిల్ మెన్' నవల రాసింది. 1871లో ప్రచురితమైన ఆ నవల కూడ ఆదరణ పొందింది. విశ్రాంతి మాత్రం పనిగా పరిణమించింది.

ప్రౌఢ రచనలు చేయాలన్న అభిలాష ఆమెకు మొదటినుండి ఉన్నది. 'మూడ్స్', 'వర్క్' నవలలు అందుకు సాక్ష్యం. కాని పాఠకులు ఆమె నుండి బాలసాహిత్యాన్నే ఆశించారు. 1877లో 'ఎ మోడరన్ మెఫిస్టోఫిలిస్' అనే నవలను ఆమె పేరు లేకుండ ప్రకటించింది. పూర్వం పేదరికం వలన పేరు దాచుకొన్నది. ఇప్పుడు పేరుప్రతిష్ఠల వలననే పేరు దాచుకోవలసి వచ్చింది.

నిరంతర రచన ఆమె శరీరాన్ని కుంగదీసింది. కుడి బొటనవేలు సహకరించక పోవడంతో ఎడమచేతితో రాయడం నేర్చుకొన్నది. 1877లో తల్లి మరణించింది. 1879 డిసెంబరులో చెల్లెలు మే ఆడశిశువును ప్రసవించిన కొద్ది వారాలకు పారిస్‌లో కన్నుమూసింది. మరుసటి సంవత్సరం ఆ పసిబిడ్డ పెద్దమ్మ ఒడికి చేరింది. 1882లో తండ్రికి పక్షవాతం వచ్చింది. ఇన్ని బాధ్యతల నడుమ 'జోస్ బాయ్స్' పూర్తి కావడానికి సంవత్సరాలు పట్టింది. అది 1886లో వెలువడింది.

ఇంతటి శ్రమలోను ఆమె సమాజాన్ని విస్మరించలేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలో స్త్రీలకు పాఠశాల సంఘపు ఎన్నికలలో ఓటుహక్కు లభించగానే తన పేరు నమోదు చేయించుకొని, 1880లో కాంకర్డ్‌లో ఓటు వేసిన ఇరవై మంది స్త్రీలలో ఒకతెగా నిలిచింది.

1887లో ఆమె అక్క కుమారుడైన జాన్‌ను చట్టరీత్యా దత్తత తీసుకొన్నది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం రచయిత మరణానంతరం గ్రంథస్వామ్యాన్ని పునరుద్ధరించుకొనే హక్కు వితంతువైన భార్యకు లేదా సంతానానికి మాత్రమే ఉండేది. తన పుస్తకాలపై వచ్చే ఆదాయం తన తరువాత కూడ కుటుంబానికి చేరాలన్నదే ఆమె ముందుచూపు. 1888 మార్చి 4న తండ్రి మరణించాడు. రెండు రోజులకే, మార్చి 6న, ఆల్కాట్ పరమపదించింది. అప్పటికి ఆమె వయసు యాభై అయిదేళ్లు.

'లిటిల్ విమెన్' పలుమార్లు చలనచిత్రంగా వచ్చింది. 2019లో గ్రెటా గెర్విగ్ రూపొందించిన చిత్రంలో, జో తన పుస్తకపు హక్కుల కోసం ప్రచురణకర్తతో బేరమాడే సన్నివేశం ఉన్నది. నూట యాభై సంవత్సరాల తరువాత కూడ ఆ బేరం ప్రేక్షకులను ఆకట్టుకొన్నది. ఆల్కాట్‌కు విజయం సౌఖ్యాన్ని ఇవ్వలేదు. తనవారిని పోషించగల శక్తిని ఇచ్చింది. ఆ శక్తికి ఆమె తన ఆరోగ్యాన్ని, ఏకాంతాన్ని, రాయదలచిన కొన్ని పుస్తకాలను మూల్యంగా చెల్లించింది.

కఠిన పదాలు - అర్థాలు

ఇక్కట్లు : కష్టాలు
నిదర్శనం : ఉదాహరణ, రుజువు
గ్రంథస్వామ్యం : పుస్తకంపై రచయితకు గల హక్కు
ముదిమి : ముసలితనం
పరిపాటి : అలవాటు
ప్రౌఢ రచన : పెద్దల కోసం ఉద్దేశించిన గంభీరమైన రచన
మూల్యం : వెల

అభ్యాసాలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'లిటిల్ విమెన్' విజయం ఆల్కాట్ జీవితంలో తెచ్చిన మార్పులను వివరించండి.
2. విజయం రచయిత స్వేచ్ఛను పెంచుతుందా, తగ్గిస్తుందా? పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు అయిదారు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నైల్స్ ఇచ్చిన సలహా ఎటువంటిది? దాని ఫలితమేమి?
2. ఆల్కాట్ రెండు వేర్వేరు సందర్భాలలో తన పేరును ఎందుకు దాచుకొన్నది?
3. జాన్‌ను దత్తత తీసుకొనడంలో ఆమె ఉద్దేశమేమి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఆల్కాట్ నర్సుగా ఎక్కడ పనిచేసింది?
2. 'లిటిల్ మెన్' నవలను ఆమె ఏ నగరంలో రాసింది?