వాడిన ఇంజనాయిల్ చెప్పే సంగతులు

కుందలహళ్ళి గేటు ట్రాఫిక్‌లో ఆగిన కారుకి కిలోమీటర్లు పెరగవు, కానీ ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి మీటరు ఒక్కటే చూస్తే లోపలి అరుగుదల తెలియదు. వాడిన ఆయిల్‌ని పరీక్షిస్తే తెలుస్తుంది. రైల్వే డీజిల్ షెడ్లలో ఇది మామూలే.

ఇంజన్ వేడిగా ఉండగా, మొదట కారే మడ్డి పోనిచ్చి, మధ్యధారలో నమూనా పట్టాలి. స్పెక్ట్రోమీటరు అందులోని లోహాలను పీపీఎంలో, అంటే 10 లక్షల్లో ఎన్ని భాగాలో, చూపుతుంది.

ఇనుము పెరిగితే: సిలిండరు గోడలు, షాఫ్టులు అరుగుతున్నాయేమో.
రాగి, సీసం: బేరింగులు.
సిలికాన్: దుమ్ము. ఎయిర్ ఫిల్టరు చూడాలి.
సోడియం, పొటాషియం: కూలెంటు లోపలికి కారుతోందేమో.

నల్లబడిందంటే పాడైనట్టు కాదు, మసిని పట్టి ఉంచడం ఆయిల్ పనే. ఒక్క రిపోర్టుతో తేల్చెయ్యకూడదు, పాతవాటితో పోల్చాలి. ట్యాక్సీ మీద బతికే ఇంట్లో ఇంజన్ పట్టేస్తే సంపాదనే ఆగిపోతుంది. ముందే తెలిస్తే చిన్న రిపేరుతో పోతుంది.