పెట్టె యాడ దిగుతుంది?

మొన్న సాయంత్రం చాట ముందర పెట్టుకుని అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తున్నా. ఎదురింటత్త ఫోను చేతబట్టుకుని వచ్చింది. "ఏమ్మే, కొడుకు టిక్కెట్టు పంపినాడు. బెంగుళూరులో ఎక్కి, నడిమధ్య యాడనో దిగి, ఇంగో విమానం ఎక్కల్లంట. ఆ నడిమి దేశానిగ్గూడా వీసా కావల్నా?" అనింది. కావాలన్నా తప్పే, వద్దన్నా తప్పే. టిక్కెట్టు చూడకుండా దీనికి జవాబు చెప్పేవాళ్లను నేను నమ్మను. ఒకసారి నమ్మి చెడినాం.

మనకు నడిమి ఊరంటే లెక్కే లేదు కదా. కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక. బాగేపల్లిలో బస్సు ఆగితే దిగి కాఫీ తాగుతాం, మళ్లీ ఎక్కుతాం. ఏమిటికొచ్చినావని అడిగే దిక్కుండదు. వాన మొహం చాటేసిన ఏడాదల్లా మన ఊళ్లు సగం ఖాళీ అయి ఇదే దోవన బెంగుళూరు పోయినాయి, ఎవరి చేతిలోనూ ఒక కాగితం లేకుండా. దేవనహళ్లి విమానాశ్రయం కూడా బెంగుళూరుకు ఇవతల, మన దిక్కునే ఉంది. 2008లో తెరిచినప్పటి నుంచీ అది మనూరిదే అన్నంత చనువు. ఆ చనువు కౌంటరు దాకానే.

2022లో మా వదిన లండన్ ప్రయాణం. కూతురి పురుడు. బ్రిటన్ వీసా పాస్‌పోర్టులో పక్కాగా అంటించి ఉంది. మేనల్లుడు ఇంటర్నెట్లో వెతికి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా చౌక టిక్కెట్టు కొన్నాడు. వరసలో మా ముందర ధర్మవరం ఆవిడ. ఆమెది షికాగో, కొడుకు దగ్గరికి. ఇద్దరిదీ ఫ్రాంక్‌ఫర్ట్ దాకా ఒకే విమానం కాబట్టి తోడు దొరికిందని అప్పటికే ఓళిగలు కూడా పంచుకున్నారు. ధర్మవరం ఆవిడకు బోర్డింగ్ పాసు చేతికొచ్చింది. మా వదిన పాస్‌పోర్టు తిరగేసిన పిల్ల మాత్రం కంప్యూటర్లో ఏదో కొట్టి చూసి, తలెత్తి, "జర్మనీ ట్రాన్సిట్ వీసా ఏది మేడమ్?" అనింది.

"నేను జర్మనీలో దిగను కదమ్మా, ఈ విమానంలోంచి ఆ విమానంలోకి పోతా, అంతే" అని వదిన. ఆ పిల్ల మర్యాదగానే చెప్పింది, కుదరదని. తూకమేసిన పెట్టెను బెల్టు మీంచి మళ్లీ కిందికి దించినారు. ఇరవైమూడు కేజీలు: బాలింతకు కాయం, చెనిక్కాయల పొడి, పాత నూలు చీరలు చింపి తానే చేత్తో కుట్టిన పొత్తిగుడ్డలు. దూరాభారం అమెరికా పోయే ఆవిడ వెళ్లిపోయింది, దగ్గరి లండన్ పోయే ఆవిడ నిలబడిపోయింది. ఆ తిరకాసు నాకు అర్థం కావడానికి వారం పట్టింది.

సంగతి ఇది. విమానాశ్రయం గడప లోపలే ఉండి విమానం మారేవాళ్లకు కూడా వీసా అడగాల్సిన దేశాలని యూరప్ దేశాలు ఉమ్మడిగా పన్నెండిటి జాబితా పెట్టుకున్నాయి. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక అందులో ఉన్నాయి, మనం లేం. కానీ ఏ దేశానికాదేశం తన తరఫున ఇంకొందరిని చేర్చుకోవచ్చు. జర్మనీ మనల్ని చేర్చింది. అయినా కొందరికి మినహాయింపు ఉంది: చెల్లుబాటయ్యే అమెరికా, కెనడా, జపాన్ వీసా ఉంటే పో అని. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నన్నాళ్లూ దాని వీసా కూడా చెల్లింది. 2020 ఆఖరుతో ఆ పొత్తు పూర్తిగా తెగిపోయింది, వీసా విలువా దాంతోపాటే పోయింది. మేనల్లుడికి సలహా చెప్పిన స్నేహితుడు 2019లో అదే దోవన హాయిగా పోయొచ్చినవాడు. అబద్ధం చెప్పలేదు పాపం, పాత నిజం చెప్పినాడు.

ఇంకో మెలిక చూడండి. బ్రిటన్ లెక్క వేరే. లండన్‌లో విమానం మారేవాళ్లకు అమెరికా, కెనడాలతో పాటు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసాలు చెల్లుతాయి, జపాన్ వీసా చెల్లదు. జర్మనీలో పనికొచ్చే జపాన్ వీసా లండన్‌లో పనికిరాదు, లండన్‌లో పనికొచ్చే ఆస్ట్రేలియా వీసా జర్మనీలో పనికిరాదు. పైగా ఆస్ట్రేలియా 2015 నుంచి పాస్‌పోర్టులో స్టిక్కరే అంటించడం లేదు, అంతా కంప్యూటర్లోనే. అది ఉందని కౌంటర్లో రుజువైతేనే అది వీసా. ఆ కౌంటర్ పిల్ల చూసింది కూడా తన సొంత తెలివి కాదు. టిమాటిక్ అని విమాన సంస్థలకంతా ఒక నిబంధనల పట్టిక ఉంటుంది. మన పాస్‌పోర్టు, మన వీసా, నడిమి దేశం, చివరి దేశం కొడితే అది అవునో కాదో చెబుతుంది. కాదన్నవాళ్లను ఎక్కిస్తే జరిమానా విమాన సంస్థకు పడుతుంది. బ్రిటన్‌లో అయితే మనిషికి రెండు వేల పౌన్లు. అందుకే అక్కడ కన్నీళ్లు పని చేయవు.

జర్మనీ ఈ షరతును మనకు తీసేస్తామని 2026 జనవరిలో వాళ్ల ఛాన్సలర్ మెర్జ్ మన దేశం వచ్చినప్పుడు ప్రకటించినారు. సంతోషమే. అయినా ప్రకటన వేరే, అమలు వేరే. మీరు పోయే రోజున ఏది నడుస్తుందో చూసుకోండి.

లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ ముచ్చట్లు చదువుకున్న పిల్లలున్న ఇళ్లవి. గల్ఫ్‌కు పనికి పోయేవాళ్లున్న కదిరి దిక్కు పోయి అడగండి, నడిమి దేశమంటే ఏమిటో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు. 2020 ఆగస్టులో కువైట్ విమానాలు మళ్లీ తెరిచినప్పుడు భారత్‌తో సహా ముప్పైకి పైగా దేశాల నుంచి నేరుగా రావద్దంది. వేరే దేశంలో పద్నాలుగు రోజులుండి, కరోనా లేదని కాగితం తెచ్చుకుంటే రానిస్తామంది. అంతే, దుబాయ్ నడిమి ఊరైపోయింది. పద్నాలుగు రోజుల గది, తిండి, టెస్టు, టిక్కెట్టు అన్నీ కలిపి ఏజెంట్లు ప్యాకేజీలు కట్టినారు. అకామా (అక్కడ ఉండనిచ్చే పర్మిట్) గడువు దాటిపోతే ఉద్యోగమే పోతుందని అప్పు చేసి పోయినవాళ్లు ఎందరో. 2021 ఫిబ్రవరిలో, వాళ్లు దుబాయ్‌లో రోజులు లెక్కపెట్టుకుంటుండగానే, కువైట్ విదేశీయులెవ్వరూ రావద్దని తలుపు మూసేసింది. సౌదీ అంతకు నాలుగు రోజుల ముందే మూసింది. ముందుకు పోలేరు, గదికి రోజూ డబ్బు కట్టాలి. ఇంటికి తిరిగిపొమ్మని మన రాయబార కార్యాలయం సలహా ఇచ్చింది. తర్వాత సౌదీ పోయేవాళ్లు నేపాల్ మీదుగా దోవ వెతుక్కున్నారు. ఏప్రిల్ ఆఖర్లో నేపాల్ కూడా వద్దంది. కువైట్ మళ్లీ తెరిచింది ఆగస్టులో, అదీ టీకా వేసుకున్న అకామావాళ్లకు.

ఇక్కడ ఒక మాట చెవిలో చెప్తా. నడిమి దేశాన్ని ఏజెంట్లు ఇంకో పనికీ వాడతారు. గల్ఫ్‌లో ఇంటిపనికి పోవాలంటే మన సర్కారు నిబంధన ప్రకారం ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండాలి. పది పాసు కాకపోతే పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంటుంది, అనుమతి లేనిదే పనికి ఎక్కనివ్వరు. ఇరవైమూడేళ్ల పిల్లకు ఆ దారి లేదు కాబట్టి, విజిట్ వీసా చేతిలో పెట్టి దుబాయ్ చుట్టం ఇంటికి పోతున్నానని చెప్పమంటారు. అక్కడి నుంచి వేరే కాగితంతో కద్దామా (ఇంటిపనిమనిషి) పనికి. రేపు ఆ ఇంట్లో కొడితే, జీతం ఇవ్వకపోతే, మన లెక్కల్లో ఆ పిల్ల పనికి పోయినట్టే ఉండదు. చుట్టం చూపుకు పోయిందంతే. "దుబాయ్‌లో రెండు దినాలే, తర్వాత మేం చూసుకుంటాం" అని ఎవరైనా మీ ఇంట్లో అంటే, గ్లాసులో కాఫీ అయ్యేలోపు లేపి పంపేయండి.

సరే, ఎదురింటత్త దగ్గరికి వద్దాం. చెనిక్కాయల పొట్టు చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను తీసుకున్నా. పోయేది కెనడా. కెనడా వీసా ఉంది. నడిమి ఊరు దుబాయ్. ఒకే టిక్కెట్టయితే దిగులే లేదు, పెట్టె తనంతట తానే టొరంటో పోతుంది, అత్త లోపలే కూర్చోవచ్చు. కానీ కిందికి జరిపి చూస్తే బుకింగ్ నంబర్లు రెండు. రెండు సంస్థలు, రెండు వేర్వేరు టిక్కెట్లు. చౌక పడిందని పిల్లోడు విడివిడిగా కొన్నాడు. అంటే దుబాయ్‌లో అత్త ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, పెట్టె తీసుకోవాలి, ఇంకో కౌంటర్లో మళ్లీ వేయాలి. బయటికి వచ్చిందంటే దుబాయ్ గడప తొక్కినట్టే. అమెరికా వీసా ఉంటే అక్కడే దిగినాక వీసా ఇస్తారు గానీ, కెనడా విజిటర్ వీసాకు ఆ వెసులుబాటు ఉందని నమ్ముకోలేం. నలభైయెనిమిది గంటల ట్రాన్సిట్ వీసా ఉచితమే, తొంభైయారు గంటలదైతే యాభై దిర్హాములు. కానీ బయల్దేరకముందే విమాన సంస్థ ద్వారా తీసుకోవాలి.

ఇదంతా చెప్తే అత్త సగంలోనే చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు అంత తలకెక్కదు, ఒక్క ముక్కలో చెప్పు, వాణ్ని ఏమడగల్ల?"

చెప్పినా. అత్త ఫోను చెవి దగ్గర కాదు, నోటి దగ్గర పెట్టుకుంది. కెనడాలో అప్పుడు తెల్లవారిందో లేదో. వీధంతా వినబడేట్టు అరిచింది: "ఒరే, వీసా సంగతి తర్వాత. నా పెట్టె యాడ దిగుతుందిరా?" అవతల పిల్లోడు ఏం చెప్పినాడో గానీ, అత్త నా చాటలోంచి గుప్పెడు గింజలు తీసుకుని నమలడం మొదలుపెట్టింది. వాడికి వెంటనే జవాబు దొరకలేదని నాకర్థమైంది.