రెగ్యులేటర్ కొనే ముందు

బిడ్డా,

తగ్గింపు ధర నిజమే కావచ్చు, సరుకు కూడా అసలుదే కావచ్చు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో నాకు నచ్చనిది అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం. వారంటీ ఇచ్చేది తయారీ కంపెనీ కాదట, అమ్మే దుకాణమట. దాన్ని చదవకుండానే డైవింగ్ రెగ్యులేటర్‌ను కార్ట్‌లో వేసి, కార్డు వివరాలన్నీ నింపి, ఆఖరికి "పెద్దనాన్నా, దీనికి వారంటీ వస్తదా?" అని అడిగినవు. అడగాల్సిన మాటే, కానీ మొట్టమొదట అడగాల్సింది. ఇంకా పైసలు కట్టలేదు కాబట్టి నయం. కార్ట్‌ను అట్లనే ఉంచి ఇది చదువు.

ఆ తగ్గింపు ఎట్లా వస్తుందో చెప్తాను. స్కూబాప్రో, మారెస్, క్రెస్సీ వంటి కంపెనీలు ఒక్కో దేశంలో అధీకృత డీలర్లను పెట్టుకుంటాయి. ఒక దేశపు డీలరుకు చేరవలసిన సరుకు పక్కదారిన ఇంకో దేశంలోని ఆన్‌లైన్ దుకాణానికి చేరుతుంది. దాన్నే గ్రే మార్కెట్ అంటారు. అది నకిలీ సరుకు అనుకోకు, అదే ఫ్యాక్టరీలో తయారైంది. అయితే చాలా కంపెనీలు అధీకృత డీలరు దగ్గర కొన్న మొదటి యజమానికే వారంటీ ఇస్తాయి. అందుకే ఆ దుకాణం తన సొంత వారంటీ రాసిస్తుంది. వాళ్లు ఎంత మాట మీద నిలబడేవాళ్లయినా, చెడిపోయిన రెగ్యులేటర్ తాండూరు నుంచి సముద్రాలు దాటి వాళ్ల దగ్గరికే పోవాలి. పోను కొరియరు, రాను కొరియరు నీ నెత్తినే పడొచ్చు. తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్లకు అది కొత్త సరుకు కాదనీ, మరమ్మతుకు పోయి వచ్చిందనీ కాగితాలు చూపాలి.

మీ నాన్న బోరు మోటారు కొనేటప్పుడు చూసినవు కదా. ధర సంగతి తర్వాత; కాలిపోతే వైండింగ్ కట్టేది ఎవరు, స్పేరు ఎక్కడ దొరుకుతుంది, అదే ముందు. నాకున్న పట్టుదల కూడా అదే. నీళ్లలో ఊపిరి ఇచ్చే ఏ వస్తువునైనా విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించే మనిషి ఎవరో తెలియకుండా కొనొద్దు. నేవీలో ఉన్నప్పుడు మా డైవింగ్ సెట్లకు లాగ్‌బుక్ ఉండేది. ఎవరు విప్పారు, ఏ భాగం మార్చారు, ఎవరు పరీక్షించారు, అన్నిటికీ కింద సంతకం. ఆ సంతకం పెట్టిన మనిషిని నమ్మి నీళ్లలోకి దూకేవాళ్లం. కొత్త సెట్టు వచ్చినా నేను ముందు ఆ పేజీనే తిరగేసేవాణ్ని.

రెగ్యులేటర్ లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి తలచుకో. నిండు సిలిండర్లో గాలి 200 బార్ ఒత్తిడితో ఉంటుంది. ఫస్ట్ స్టేజ్ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కన్నా దాదాపు 9, 10 బార్ ఎక్కువ ఉండే స్థాయికి దించుతుంది. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్‌లో నువ్వు పీల్చగానే డయాఫ్రమ్ లోపలికి వంగి, లీవరును నొక్కి, వాల్వు తెరుస్తుంది. 1943లో ఫ్రాన్స్‌లో కుస్తో, గన్యాన్ కలిసి తయారుచేసిన ఆక్వాలంగ్ నుంచి నేటి దాకా మూలసూత్రం ఇదే: అడిగినప్పుడు, అడిగినంత, చుట్టూ ఉన్న ఒత్తిడికి సరిపడా గాలి. 10 మీటర్ల లోతున ఆ ఒత్తిడి 2 బార్, నీకు అనుమతి ఉన్న 18 మీటర్ల దగ్గర 2.8.

ఇంత భారాన్ని మోసేది చిటికెన వేలి గోరంత సీటు, కొన్ని ఓ-రింగులు. సీటు అరిగితే రెండు స్టేజ్‌ల మధ్య ఒత్తిడి మెల్లమెల్లగా పెరుగుతుంది, చివరికి సెకండ్ స్టేజ్ ఆగకుండా గాలిని కక్కుతుంది. మెకానిక్ గేజ్ పెట్టి చూస్తే ఈ లోపం ముందే దొరుకుతుంది. అందుకే కంపెనీలు ఏడాదికోసారో రెండేళ్లకోసారో సర్వీసింగ్ చేయించమంటాయి. అది తప్పితే వారంటీ కూడా పోవచ్చు. సర్వీస్ కిట్లను చాలా కంపెనీలు తమ దగ్గర శిక్షణ పొందిన టెక్నీషియన్లకే అమ్ముతాయి. ఎక్కడ కొన్నదైనా డబ్బు తీసుకుని సర్వీసింగ్ చేసే మంచి టెక్నీషియన్లు ఉన్నారు, కాదనను. కానీ ఆ మోడల్ కిట్ మన దేశంలోకే రాకపోతే ఎంత పనిమంతుడైనా చేతులు ముడుచుకోవాల్సిందే.

నీ సంగతి చూస్తే, నువ్వు డైవింగ్‌కని రుషికొండకు పోయేది ఏడాదిలో ఏ నాలుగు రోజులో. మిగతా కాలమంతా ఆ రెగ్యులేటర్ మీ ఇంటి బీరువాలోనే. ఇంటి వెనకే బండల పాలిష్ యూనిట్. ఆ తెల్లటి సన్న దుమ్ము మూసిన అల్మారాలోకి కూడా దూరుతుందని మీ అమ్మ రోజూ మొత్తుకుంటుంది. పైన తాండూరు ఎండ. వాడకుండా పడి ఉన్నా రబ్బరు గట్టిపడుతుంది, సర్వీసింగ్ గడువు గడిచిపోతూనే ఉంటుంది. అందుకే నన్నడిగితే ఇప్పుడు రెగ్యులేటరే వద్దు. మాస్కు, ఫిన్స్, స్నోర్కెల్ కొనుక్కో. వాటిని తగ్గింపులో కొన్నా నాకేం బాధ లేదు. మాస్కును మాత్రం ముఖానికి పెట్టి, పట్టీ వేయకుండా ముక్కుతో గాలి లోపలికి పీల్చి, అది అతుక్కుని నిలిచిందో లేదో చూశాకే తీసుకో. రెగ్యులేటర్, బీసీడీ (గాలి నింపే జాకెట్) డైవింగ్ సెంటర్ వాళ్లవి అద్దెకు వాడు. సిలిండర్ జోలికి అసలే పోకు. మన దేశంలో దానికి పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) ఆమోదం, గడువు ప్రకారం పీడన పరీక్ష ఉండాలి. విదేశం నుంచి తెప్పించుకుంటే నింపేవాడు దొరకడు.

అయినా కొనే తీరతానంటే, నీ మొండితనం నాకు తెలియనిదేం కాదు, మన దేశంలోని డీలరు దగ్గర జీఎస్టీ బిల్లుతో కొను. ఫస్ట్ స్టేజ్, సెకండ్ స్టేజ్ సీరియల్ నంబర్లు రెండూ బిల్లు మీద రాయించు. నంబరు గీకేసి ఉంటే పెట్టె అక్కడే వదిలిపెట్టు. కంపెనీ వారంటీ ఒకటి, చట్టం నీకిచ్చే హక్కు ఇంకొకటి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ముంబయిలో ఉన్నా నువ్వు ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, గడువు రెండేళ్లు. కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందుగా 1915కు ఫోన్ చేసినా సరే. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ దుకాణపు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో నీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. భారతదేశంలో క్రమంగా అమ్మే విదేశీ దుకాణాలకూ ఆ నియమాలు వర్తిస్తాయి. కానీ ఇక్కడ ఆఫీసే లేనివాడి మీద తీర్పు తెచ్చుకుని అమలు చేయించడం నీ వల్ల అయ్యే పనేనా?

ఇంకొకటి. కొత్త సామాను వస్తే పాత గని గుంతలో దిగి పరీక్షిస్తానని మీ తమ్ముడితో అన్నవట. వాడు నాకు చెప్పేశాడు, వాణ్ని తిట్టకు. బండలు తీసి వదిలేసిన గుంతల్లో అంచులు నిట్టనిలువుగా ఉంటాయి, కూలిన రాళ్లు, ఇనుప తీగలు అడుగున ఏం పడి ఉన్నాయో పైనుంచి కనబడదు. ఏటా ఈత రాని పిల్లలే కాదు, వచ్చినవాళ్లూ అట్లాంటి గుంతల్లో పోతున్నారు. ఆ మాట మళ్లీ నా చెవిన పడితే మీ నాన్నకు చెప్తాను. నీళ్ల మీద అంత మోజుంటే కోట్‌పల్లి చెరువుకు రా, లైఫ్ జాకెట్ వేసుకుని కయాక్ నడుపుదాం.

రేపు డైవింగ్ సెంటర్‌కు ఫోన్ చేసి ఈ మోడల్‌ను మన దేశంలో ఎవరు సర్వీసింగ్ చేస్తారు, కిట్ దొరుకుతుందా, ఎంత తీసుకుంటారు, ఎన్నాళ్లకు తిరిగిస్తారు అని అడుగు. జవాబులు రాసుకుని ఆదివారం వికారాబాద్ రా. కార్ట్‌లో ఉన్నదాన్ని ఉంచాలో తీసేయాలో కూర్చుని చూద్దాం. వచ్చేటప్పుడు మీ చేలో కందులు రెండు కిలోలు పట్టుకురమ్మని మీ పెద్దమ్మ చెప్పమంది.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న
వికారాబాద్