షెడ్డులో తల్లి, ఊయలలో బిడ్డ

ఈ వారం పురుగు సంగతి కాదు, పాలు తాగే బిడ్డ సంగతి.

నాలుగో జ్వరం లేచాక పురుగు ఎంత తింటుందో మీకు చెప్పక్కర్లేదు. పంట మొత్తం మీద తినే ఆకులో 80 శాతం పైనే ఆ వారంలో పోతుంది. ఇంట్లో బాలింత ఉంటే ఆమె కూడా షెడ్డులోనే. బిడ్డ ఏడిస్తే పంచదార నీళ్లో, డబ్బా పాలో పట్టేస్తాం.

ముంబైలో కామాఠిపుర అనే పేట ఉంది. కూలికి పోయి ఆ ఊరు కట్టిన మన తెలుగు కామాఠీల పేరే దానికి. తర్వాత మన పద్మశాలీలూ నేత మిల్లులకు పోయి, చాళ్లలో ఒక్కో గదిలో కాపురం పెట్టారు. 1920ల్లో అక్కడి మిల్లు తల్లులు పనికెళ్తూ బిడ్డ నిద్రపోవాలని నల్లమందు గోళీ వేసేవారు. ‘బాల గోళీ’ అనేవారు దాన్ని. మిల్లు ఆడవాళ్ల స్థితిగతులు విచారించిన డాక్టర్ బార్న్స్ ఈ అలవాటు దాదాపు అందరిలో ఉందని రాశారు. ప్రేమ లేక చేసింది కాదది, పనిలోంచి కదలనిచ్చే దారి లేక. మన షెడ్డుకి సైరన్ లేదుగా! ఆకు వేయడం పావుగంట ఆలస్యమైతే పంట పోదు. ఆ పావుగంట మగవాళ్లు ఆకు వేస్తే సరిపోతుంది.

పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. పసుపు రంగు ముర్రుపాలు పిండి పారబోయొద్దు, తేనె నాకించొద్దు. చాకీ పురుగుకి ముదురాకు వేస్తామా? ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, ఎండాకాలమైనా నీళ్లు కూడా వద్దు. రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు బిడ్డ నోట్లోకి వెళ్లాలి. లేకపోతే తల్లికి నొప్పి, పగుళ్లు, బిడ్డకి పాలు చాలవు. వారం దాటిన బిడ్డ రోజుకి 6 సార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

షెడ్డు నుంచి వచ్చాక సున్నం, బ్లీచింగ్ అంటిన చేతులు సబ్బుతో కడిగి, చీర మార్చుకుని అప్పుడే బిడ్డని ఎత్తుకోండి. దూరం వెళ్లాల్సి వస్తే పాలు పిండి, వేడినీళ్లలో మరిగించిన స్టీలు గిన్నెలో మూతపెట్టి ఉంచండి. షెడ్డులో పురుగుకి చూసుకునే 25 డిగ్రీలుంటే 4 గంటలు ఆగుతాయి, వేడిగా ఉంటే ఇంకా ముందే పట్టేయాలి. సీసా వద్దు, మన ఉగ్గుగిన్నె చాలు.

రొమ్ము గట్టిపడి జ్వరం వచ్చినా, బిడ్డ పాలు పట్టకుండా మత్తుగా పడుకున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. పంట చూసుకోడానికి పక్కింటివాళ్లని పిలవండి.