సేవకు పిలుపు వచ్చిందనుకుంటున్నారా? ఆ స్వరం ఎవరిదో తేల్చుకునే ముందు చేయవలసినవి, చేయకూడనివి

జనవరి ఒకటిన ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డును చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు ఆ అబ్బాయి. చెమటకు అంచులు మెత్తబడి, మడత దగ్గర చిరుగు పట్టింది. "అయ్యగారూ, ప్రభువు నాతో మాట్లాడారు. ఇంజనీరింగ్ మానేసి బైబిల్ కాలేజీకి వెళ్ళమన్నారు" అన్నాడు. ఆఖరి సెమిస్టరు పరీక్షలు ఇరవై రోజుల్లో ఉన్నాయి. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నాయని అంతకు ముందు ఆదివారమే వాళ్ళమ్మ చెప్పుకుని ఏడ్చింది. నేను అవుననలేదు, కాదనలేదు. "ఆ స్వరం విని ఎన్నాళ్ళయింది నాన్నా?" అని అడిగాను. "నిన్న రాత్రే" అన్నాడు.

దేవుడు పిలుస్తాడు. ముప్పై ఏళ్ళుగా నేను కాపరిగా ఉన్నది ఆ నమ్మకం మీదే. అందుకే, మనసులో మెదిలిన ప్రతి మాటనూ ఆయనకు అంటగట్టి పిల్లలు బతుకులు పాడుచేసుకుంటుంటే చూడలేను.

చేయవలసినవి

విన్నది పెద్దవాళ్ళకు చెప్పండి. షిలోహులో సమూయేలు అనే పిల్లవాడు తన పేరు వినపడగానే మూడుసార్లు లేచి ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. పిలిచింది నిజంగా దేవుడే. అయినా వాడికి గుర్తుపట్టడం చేతకాలేదు. గుర్తుపట్టింది చూపు మందగించిన ముసలి యాజకుడు ఏలీ, అదీ మూడోసారికి. ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆ రాత్రి దేవుడు చెప్పిన మాట ఏలీ ఇంటికి విరోధమైనది. అయినా తెల్లారాక ఏలీ ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఒక్క మాట కూడా దాచకుండా చెప్పించుకుని, తలవంచాడు. సలహా అడగాలంటే అలాంటి మనిషిని వెతకండి. తనకు నష్టమైనా నిజమే వినాలనుకునేవారు కావాలి. మీరు సేవకు వెళ్ళినా వెళ్ళకపోయినా ఒరిగేదీ పోయేదీ లేనివారిని కూడా ఒకరిని తప్పక అడగండి.

తేదీ వేసి నోటుబుక్కులో రాసుకోండి. విన్నది విన్నట్టుగా రాయండి, తర్వాత మెరుగులు దిద్దకండి. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో, ఎంతసేపు నిద్రపోయారో, ఎవరితో గొడవపడ్డారో కూడా పక్కనే రాయండి. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న కబురు నెహెమ్యా విన్నది కిస్లేవు మాసంలో. రాజు ముందు నోరు విప్పింది నీసానులో. నడుమ దాదాపు నాలుగు నెలలు ఉపవాసం, ప్రార్థన. మీరూ నాలుగు నెలలు ఆగండి. పరీక్ష తప్పుతానన్న భయమే ఆ రాత్రి స్వరమై వినపడి ఉంటే, ఫలితాలు వచ్చేసరికి అది చల్లబడుతుంది.

కూటికీ పిలుపుకీ ముడి ఉంటే ముందు విడదీయండి. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్న జనానికి కూలి దొరికేలా చేశారు. బాప్తిస్మం ఇమ్మని వాళ్ళు అడుగుతున్నా ఆ పని నడిచినన్నాళ్ళు ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలాలి కదా. ఆ పని ముగిశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఉద్యోగం పోయినప్పుడు, పెళ్ళి తప్పిపోయినప్పుడు సేవ మీద మనసు పుడితే దాన్ని కాదనక్కర్లేదు. ఆ కష్టం తీరాక కూడా అది నిలుస్తుందేమో చూడండి.

చెవులకు వినపడేదాని కోసమే కాచుకుని ఉండకండి, తలుపు తట్టేవారిని చూడండి. 1890లలో తిండివనంలో ఒక్క రాత్రి ముగ్గురు మగవాళ్ళు వేరువేరుగా వచ్చి, పురిటి నొప్పులు పడుతున్న తమ భార్యల కోసం మిషనరీ ఇంటి అమ్మాయి ఐడా స్కడర్‌ను రమ్మన్నారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన ఆమె తండ్రిని వెంటబెట్టుకు వెళ్ళడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. మిషనరీగా ఉండనని పట్టుబట్టిన ఆ అమ్మాయి అమెరికా వెళ్ళి 1899లో వైద్య పట్టా పుచ్చుకుని, మరుసటి ఏడాది తిరిగొచ్చింది. మనం రాయవేలూరు ఆసుపత్రి అని పిలుచుకునేది ఆమె మొదలుపెట్టిందే. నడుమ ఆ చదువు చదివిన ఏళ్ళు కూడా పిలుపుకు లోబడటమే.

చేయకూడనివి

ఎవరో చేసిన ప్రవచనం ఒక్కటే పట్టుకుని ఇల్లు వదలకండి. 1 రాజులు 13వ అధ్యాయం చదవండి. యూదా నుంచి వచ్చిన దైవజనుడికి దేవుడు ముందే స్పష్టంగా చెప్పాడు, అక్కడ తినొద్దని, తాగొద్దని. బేతేలులో ఉన్న ముసలి ప్రవక్త దేవదూత పేరు చెప్పి అబద్ధమాడాడు. నమ్మి వెళ్ళి భోంచేసినవాణ్ణి దారిలో సింహం చంపింది. ఆ అధ్యాయం మీద నేను ప్రసంగం చేయలేను. ఇరవై ఏళ్ళ కిందట, నర్సింగ్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి తల మీద చెయ్యి ఉంచి, చదువు మాని సేవకు రమ్మని ప్రభువు చెబుతున్నాడన్నాను. అప్పుడు మా సంఘంలో స్త్రీల పరిచర్యకు మనిషి కావాలి. నా అవసరమే నాకు దేవుని స్వరంలా వినపడింది. ఆమె చదువు మానేసింది. రెండేళ్ళకు వాళ్ళింటికి వెళ్ళి తల్లిదండ్రుల ముందు క్షమించమని అడిగాను. క్షమించారు కానీ పోయిన సీటు రాలేదు.

కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనంతో నిర్ణయం చేయకండి. వాగ్దాన కార్డులోని వచనంతోనూ చేయకండి. అది ఏడాదంతా ధైర్యం చెప్పడానికి ఇచ్చింది.

"ఇది ఎవరికీ చెప్పొద్దు, చెబితే ఆశీర్వాదం పోతుంది" అని ఎవరన్నా అక్కడితో ఆగిపోండి. అంతియొకయలో బర్నబానూ సౌలునూ ప్రత్యేకించమన్న మాట సంఘం కూడి ఉపవాసముండగా వచ్చింది, చాటుగా కాదు. ఆడపిల్లలు ప్రత్యేక ప్రార్థన పేరుతో మూసిన గదిలోకి ఒంటరిగా వెళ్ళకూడదు. పిలిచింది నాలాంటి అయ్యగారైనా సరే, తల్లో అక్కో పక్కన ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి.

ఆ ఉద్వేగంలో భూమి కాగితాల మీద సంతకం పెట్టవద్దు. బంగారం కానుక పెట్టెలో వేయవద్దు. దేవుడు చూపించాడన్న మాట మీద పెళ్ళికి తలూపవద్దు. షుగరు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఉపవాసాలు మొదలుపెట్టకండి. విశ్వాసం పేరుతో ఇన్సులిన్, ఫిట్సు మాత్రలు ఆపితే ప్రాణం పోతుంది.

వినపడే స్వరం చచ్చిపొమ్మన్నా, ఇంకొకరిని కొట్టమన్నా, రోజుల తరబడి నిద్ర పట్టకుండా చేసినా ప్రార్థన కూటానికి కాదు, ముందు మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు పడదు. వైద్యం చేయించుకున్నంత మాత్రాన పిలుపు పోదు. మా సంఘంలో మందులు వేసుకుంటూ సండేస్కూలు నడిపేవాళ్ళున్నారు.

మొన్న గురువారం ఆ అబ్బాయి నోటుబుక్కు తెచ్చాడు. పరీక్షలు రాశాడు. బ్యాక్‌లాగుల్లో ఒకటి పోయింది, ఒకటి మిగిలింది. మొదటి పేజీలో ఆ రాత్రి తేదీ, కింద "మూడు గంటలే పడుకున్నాను" అని ఉంది. నాలుగు నెలలకు ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. శనివారాలు హాస్టలు పిల్లలకు లెక్కలు చెబుతున్నానని ఆఖరి పేజీలో రాసుకున్నాడు. ఆ సంగతి నాకు నోటితో చెప్పలేదు.