చేపల ఓడపై పరిశీలకుడు: ఎందుకు? ఎవరి ఖర్చుతో?

రేవులో తూకం వేస్తే ఒడ్డుకు చేరిన చేపల లెక్క తేలుతుంది. వలలో చిక్కి చచ్చాక సముద్రంలోకి విసిరేసినవాటి లెక్క తేలదు. అందుకే అమెరికా 1976 నాటి మాగ్నసన్-స్టీవెన్స్ చట్టం కింద వాణిజ్య ఓడలపై పరిశీలకులను ఉంచుతోంది. వారు డెక్‌ మీదే జాతిని గుర్తించి, పొడవు కొలిచి, వయసు నిర్ధారణకు చెవిలోని చిన్న రాళ్లైన ఓటోలిత్‌లను సేకరిస్తారు. ఫలితానికి తూర్పు పసిఫిక్ ట్యూనా వేటే నిదర్శనం. అక్కడ 1986లో ట్యూనా వలల్లో చిక్కి లక్షకు పైగా డాల్ఫిన్లు చనిపోయాయి. 1992 లా హోయా ఒప్పందంతో ఒక్కో ఓడకు మరణాల పరిమితి వచ్చింది. 2015 నాటికి ఏడాది మరణాలు వెయ్యిలోపుకు తగ్గాయి. వలలోంచి డాల్ఫిన్లను వదిలే పద్ధతులు మెరుగుపడటమూ కారణమే. అయితే ఓడపై సాక్షి లేనిదే పరిమితి కాగితానికే పరిమితం.

చిన్న ఓడలకు పరిశీలకుడి ఖర్చు భారమన్న అభ్యంతరం న్యాయమైనదే. హెర్రింగ్ జాలర్లు పరిశీలకుడి రోజువారీ ఖర్చుపై వేసిన లోపర్ బ్రైట్ కేసులోనే అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్ 28న, అస్పష్టమైన చట్టానికి ప్రభుత్వ సంస్థ చెప్పే సమంజసమైన అర్థాన్ని కోర్టులు ఒప్పుకోవాలనే 1984 నాటి షెవ్రాన్ సూత్రాన్ని కొట్టేసింది. చట్టం అస్పష్టంగా ఉంటే దాని అర్థాన్ని కోర్టులే తేల్చాలంది, పరిశీలకులు అక్కర్లేదనలేదు. కెమెరాలు చాలవా అంటే, అవి చూడగలవే తప్ప నమూనాలు తీయలేవు. మత్స్య సంపద అందరిదీ కనుక, చిన్న జాలరి ఓడపై నిఘా ఖర్చును ప్రభుత్వమే భరించడం సబబు.