గ్యాస్ గీజర్ బిగిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

గిద్దలూరు, మార్కాపురం వైపు చలికాలం పొద్దున్నే కరెంటు పోతే ఎలక్ట్రిక్ గీజర్ పనిచేయదు. గ్యాస్ గీజర్‌కి ఆ బాధ లేదు. రెండు సెల్స్ వేస్తే చాలు, ట్యాప్ తిప్పగానే వెలుగుతుంది. అయితే డిస్‌ప్లే, లీటర్ల కంటే ముందు చూడాల్సింది దాన్ని ఎక్కడ బిగిస్తున్నామనేదే.

ఎక్కడ: బాత్‌రూమ్ లోపల వద్దే వద్దు. మంట గదిలోని ఆక్సిజన్‌ని వాడేస్తుంది. అది తగ్గితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. తల తిరుగుతోందని తెలిసేలోపే మనిషి పడిపోవచ్చు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అనుకోకండి, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. బయటి గోడకి, వాన తగలని చోట బిగించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తీసుకోండి.

సెన్సర్: ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే మోడల్ మేలు. అది ఉంది కదా అని లోపల పెట్టొద్దు.

గ్యాస్ లైన్: ఐఎస్ఐ మార్కు ట్యూబే వాడండి. జాయింట్లకి సబ్బు నురగ రాయండి, బుడగలొస్తే లీకున్నట్టే. ఎల్పీజీ గాలి కంటే బరువు, కిందే పేరుకుంటుంది. అందుకే సిలిండర్‌ని గుంటలు, డ్రైన్ పక్కన పెట్టకండి.

బోరు నీళ్లు: ఉప్పు నీళ్లయితే లోపలి పైపుల్లో తెల్లటి పొర కడుతుంది. ఏటా సర్వీస్ చేయించండి. నీలం మంట పసుపుగా మారితే వెంటనే ఆపేసి మెకానిక్‌ని పిలవండి.